సమ్మె పందిట్లో మా చదువు

మా మెస్సులో టీవీ పెట్టించింది క్రికెట్టు కోసం. బెంగుళూరు బెళ్ళందూరు ఆఫీసుల పిల్లలు అన్నం తినడానికి వస్తారని మొదట్లో అనుకునేదాన్ని. వాళ్ళు వచ్చేది స్కోరు చూడడానికి. ప్లేటు ముందుంది కాబట్టి తింటారు. మొన్నొక మధ్యాహ్నం వాన పడి ఆట ఆగింది. ఎవరో ఛానలు మార్చారు. ఎక్కడో టీచర్లు బ్యానర్లు పట్టుకుని తడుస్తూ నడుస్తున్నారు.

రోజూ పప్పు రెండోసారి అడిగే అబ్బాయి ఒకడున్నాడు. మెడలో కార్డు వేలాడుతుండగా తలెత్తి చూసి, "వీళ్ళకి సెలవులు చాలట్లేదక్కా, మళ్ళీ స్ట్రైకొకటి" అన్నాడు. ఆ రోజు అతని సాంబారులో మునక్కాడ పడలేదు. కావాలని చేశానంటే ఒప్పుకోను. గరిటె తిరిగిన దిక్కు అది.

"అసలు నువ్వెక్కడ చదువుకున్నావక్కా?" అన్నాడు, మునక్కాడ కోసం వెతుక్కుంటూ.

"షామియానా కింద" అన్నాను.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నాతో ఇదే చిక్కు. తొమ్మిది మాటలు వేళాకోళంగా అంటాను, పదో మాట నిజం చెప్పినా నవ్వుతారు. సరే, నవ్వనీ. కానీ ఆ రాత్రి గిన్నెలు తోముతుంటే ఆ షామియానా ఎరుపూ పసుపూ కళ్ళముందు అలాగే రెపరెపలాడుతూ ఉండిపోయింది.

మా బడి కె.ఆర్.పురంలో, రైలు కట్ట పక్కన ఉండేది. అప్పటికి ఈ వేలాడే వంతెన లేదు, ఈ మెట్రో స్తంభాలు లేవు. స్టేషను వెనక జామతోటలు, ద్రాక్షతోటలు ఉండేవి. గాలి అటునుంచి వీస్తే బడంతా జాంపళ్ళ వాసన, ఇటునుంచి వీస్తే తడి సిమెంటు వాసన. మా ఇళ్ళు అన్నీ ఆ సిమెంటు వైపే. అనంతపురం నుంచి, మదనపల్లి నుంచి, కదిరి నుంచి కట్టడాల పనికి వచ్చిన వాళ్ళం. బిల్డింగు లేస్తున్నంత కాలం దాని పక్కన రేకుల షెడ్డులో ఉండేవాళ్ళం. బిల్డింగు పూర్తయితే అందులోకి వేరేవాళ్ళు వచ్చేవాళ్ళు, మేము ఇంకో పునాది గుంట పక్కకు పోయేవాళ్ళం.

బడిలో కన్నడం గదులు కొన్ని, తెలుగు గది ఒకటి. ఆ ఒక్క గదిలోనే ఒకటి నుంచి అయిదు దాకా అన్ని క్లాసులూ, వరసకొకటి. అందరికీ కలిపి ఒకే ఒక మిస్సు. ఒకటో క్లాసుకు నోటితో అక్షరాలు చెప్తూ, మూడో క్లాసు వాళ్ళకు చేత్తో లెక్కలు దిద్దుతూ, అయిదో క్లాసు వాళ్ళను కంటితో భయపెట్టేది. గూడ్సు బండి పోతే మాట వినపడేది కాదు. మిస్సు వాక్యం మధ్యలో ఆగి, బండి చివరి పెట్టె దాటాక అదే మాట దగ్గర మళ్ళీ మొదలుపెట్టేది. మాకు గూడ్సు బండి అంటే చిన్న ఇంటర్వెల్లు. ముందు వరసవాళ్ళ జడలు ముడివేయడానికి సరిగ్గా సరిపోయేది.

వానాకాలం ఇంకో వేడుక. పైన రేకులు చిల్లులు పడి, ఒక్కో చుక్కకు ఒక్కో చోటు ఉండేది. మా మూడో క్లాసు వరస మీద ఎప్పుడూ ధారే. "మూడు తప్పితే మళ్ళీ ఇక్కడే తడవాలి, చదువుకోండి" అని మిస్సు బెదిరించేది.

మిస్సుది బెంగుళూరు తెలుగు. ముత్తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న కుటుంబం. "పాపా, నీ నోట్లో ఉండే తెలివి పలక మీదికి ఎప్పుడు వస్తాది?" అని నన్ను అడిగేది. నాకు చదువు అంతంతమాత్రమే గానీ మనుషులను దించేయడం బాగా వచ్చు. మిస్సు ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు తోసుకోవడం, చాక్‌పీస్ రెండుగా విరిచి చిన్నముక్క కొంగుకు ముడేసుకోవడం, కోపమొస్తే గొంతు ఇంకా చిన్నదైపోవడం, అన్నీ చేసి చూపించేదాన్ని. ఒకసారి వెనకనుంచి చూసేసింది. కొడుతుందనుకున్నాను. "కొంగు ఎడమవైపు ఉండాది నాకు. చూసి చెయ్యి" అని లోపలికి పోయింది.

ఆమెది పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏటా వేసవిలో ఉద్యోగం పోయేది, బడి తెరిచాక మళ్ళీ ఇచ్చేవాళ్ళు. అంటే ఏడాదికోసారి మాకు కొత్త మిస్సు వచ్చేది, పాత చీరతోనే. ఇది మాకు అప్పట్లో తెలియదు. కన్నడం గదుల పెద్ద మేష్ట్రు చెప్తే తెలిసింది.

ఆయన టీచర్ల సంఘం నాయకుడు. మేము ఆయన్ను సంఘం మేష్ట్రు అనేవాళ్ళం. గొంతు ఎంత పెద్దదంటే, గూడ్సు బండి వచ్చినా ఆయన పాఠం ఆపేవాడు కాదు, బండే తగ్గాలి. కన్నడం మనిషి, మా కోసం తెలుగు నేర్చుకున్నాడు, కానీ సగం దారిలో మళ్ళీ కన్నడంలోకి దిగిపోయేవాడు.

ఒక శీతాకాలం మొదట్లో చదువుల ఆఫీసు నుంచి ఆఫీసరు ఒకాయన బడి చూడడానికి వచ్చాడు. పౌడరు వాసన, నున్నటి బూట్లు. మా గది గుమ్మంలో నిలబడి, "ఇంతేనా పిల్లలు?" అన్నాడు. అది మా ఊళ్ళల్లో చెనక్కాయలు పెరికే కాలం. ఆ పనికి సగం కుటుంబాలు ఊరికి పోయి ఉన్నాయి. ఏటా అంతే. మిస్సు ఆ మాట చెప్పబోయింది, బండి వచ్చింది, ఆమె అలవాటుగా ఆగింది. బండి పోయేసరికి ఆఫీసరు కూడా పోయాడు.

తరువాత తెలిసింది. పిల్లలు తక్కువున్నారు కాబట్టి తెలుగు గది మూసేస్తారట. మమ్మల్ని పాత మద్రాసు రోడ్డు అవతల ఉన్న కన్నడం బడికి పొమ్మంటారట. ఆ రోడ్డు మీద లారీలు ఎలా పోయేవంటే, దాటాల్సివస్తే పెద్దవాళ్ళు కూడా చేతులు పట్టుకునేవాళ్ళు. ఇక గది లేకపోతే మిస్సుకూ పని ఉండదు.

ఇంట్లో చెప్తే మా అమ్మ సంగటి కెలకడం ఆపకుండా, "మూస్తే మూస్తారులే. నువ్వు నాతో పాటు పనికాడికి వచ్చెయ్. తమ్ముణ్ణి చూసుకుందువు" అంది. ఆ మాటలో కోపం లేదు, బాధ లేదు. షెడ్లలో నా ఈడు పిల్లలు చాలామంది అప్పటికే ఆ పనిలో ఉన్నారు. నాకు మాత్రం చెమటలు పట్టాయి. చదువు మీద ప్రేమ అనుకునేరు, అంత లేదు. మా తమ్ముడు రోజంతా ఏడ్చేవాడు, నన్ను చూసి నవ్వేవాళ్ళు బడిలో ఉన్నారు. జోకు వేసేవాళ్ళకు వినేవాళ్ళు లేకపోతే ఏముంటుంది?

మర్నాడు సంఘం మేష్ట్రు మా గదికి వచ్చాడు. మిస్సు తల వంచుకుని కూర్చుని ఉంది.

"ఏనమ్మా, ఇట్లా కూసుంటే ఎట్లా? ఇది మీ ఒక్క రూము కథ కాదు. టీచర్లు లేని స్కూళ్ళు, రేకుల్లేని స్కూళ్ళు ఎన్ని ఉండాయో. రోడ్లకు, వంతెనలకు దుడ్డు ఉండాదంట, బడికి మాత్రం లేదంట. స్ట్రైకు చేస్తాం. మీ కాంట్రాక్టు టీచర్ల సంగతి కూడా మన డిమాండ్లలో ఉంటాది."

"సార్, నేను పర్మనెంటు కాదు. స్ట్రైకులో కూసుంటే ఉన్న పని కూడా పీకేస్తారు."

"కూసోకపోయినా పీకేస్తారు కదమ్మా. అందరి మధ్యలో కూసుంటే ఊరికే పీకలేరు."

మిస్సు చేతిలో చాక్‌పీస్ ముక్కను కొంగుకు ముడేసుకుంది. కళ్ళద్దాలు తోసుకుని, "సరే సార్. పిల్లలకు లెక్కలు సగంలో ఉండాయి, అదే బాధ" అంది. మేమేమో, లెక్కలు సగంలో ఆగితే అంతకంటే పండగేముందని బెంచీల కింద చేతులు కలుపుకున్నాం.

బడి మూతపడింది. మొదటి రోజు పండగే. జామతోటలో పడ్డాం, తోటమాలి తరిమాడు, మళ్ళీ పడ్డాం. ఆ తరవాత ఇళ్ళల్లో కనిపెట్టేశారు, మేము ఖాళీగా ఉన్నామని. నీళ్ళు మోయి, ఇటుకల మీద నీళ్ళు చల్లు, తమ్ముణ్ణి ఎత్తుకో. సెలవంటే ఇదా అనిపించింది. "మిస్సు ఏం చేస్తాందో చూసొద్దాం పా" అన్నాను. తమ్ముణ్ణి చంకనేసుకుని, అందరినీ వెంటేసుకుని, టీచర్లు కూర్చున్న చదువుల ఆఫీసు ముందుకు పోయాం.

అక్కడ పెళ్ళి జరుగుతోందనుకున్నాం. ఎరుపూ పసుపూ షామియానా, అంచుల వెంట జాలర్లు. సంఘంవాళ్ళు చౌకగా దొరికిందని పెళ్ళిళ్ళ సప్లయర్ దగ్గర తెచ్చారు. దారినపోయేవాళ్ళు ఆగి, "పెళ్ళికూతురెక్కడ?" అని అడుగుతుంటే, ఏదో బడి డ్రిల్లు మాష్టరొకాయన లేచి మైకు ముందు "మా డిమాండ్లు ఇవి" అని వివరించేవాడు.

టీచర్లకు స్ట్రైకు చేయడం రాదు. పాపం, వాళ్ళకు వచ్చిందల్లా బడి. పొద్దున్నే సంఘం మేష్ట్రు హాజరు వేసేవాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు బస్సు దొరకలేదని చేతులు కట్టుకుని చెప్పుకునేవాళ్ళు. "బేకే బేకు, న్యాయ బేకు" అని, అంటే న్యాయం కావాల్సిందేనని కన్నడంలో అరిచేటప్పుడు వెనక వరసలో ఇద్దరు మాట్లాడుకుంటే, ముందు వరస ఆయన వెనక్కి తిరిగి "ఉష్" అనేవాడు. మాకు కడుపులు చెక్కలయ్యేవి.

రిలే నిరాహారదీక్ష అని ఒకటుండేది. రోజుకు కొందరు దండలు వేసుకుని ముందు పరుపు మీద కూర్చుంటారు, సాయంత్రం దాకా తినరు, తరవాత నిమ్మరసం తాగి లేస్తారు. మర్నాడు వేరేవాళ్ళు. నేను ఇంటికి పోయి, "టీచర్లు అన్నం తినడంలేదు" అని మాత్రం చెప్పాను. మా అమ్మకు ఆ ఒక్క ముక్కే అర్థమైంది. మర్నాడు మధ్యాహ్నం పనికాడి ఆడవాళ్ళంతా చందా వేసుకున్నట్టు వండి, పెద్ద తప్పేలా నెత్తినపెట్టుకుని వచ్చేశారు. వేడివేడి రాగి సంగటి, చెనక్కాయలూ ఎండుమిరపకాయలూ దంచిన ఊరిబిండి. మూత తీసేసరికి పందిరంతా ఆ వాసన.

దండ వేసుకున్న లెక్కల మాష్టరొకాయన ముందు మా అమ్మ ఒక ముద్ద పెట్టి, "తిను సామీ. జీతం ఇయ్యలేదని అన్నం మీద అలుగుతారా ఎవరన్నా?" అంది.

"అది కాదమ్మా, ఇది దీక్ష..."

"దీక్షలు తరవాత. మొగం చూడు ఎట్లా పీక్కపోయిందో."

ఆయన ఊరిబిండి వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎవరో ఫోటోలు తీసేవాడు కూడా అక్కడే తిరుగుతున్నాడు. సంఘం మేష్ట్రు చెమటలు తుడుచుకుంటూ పరుగెత్తి వచ్చి, "అమ్మా, వీళ్ళను వదిలెయ్యండి, వెనక వరసవాళ్ళకు పెట్టండి, వాళ్ళ వంతు రేపు" అని ఆ తప్పేలాను మోసుకుపోయాడు. వెనక వరస ఎంత తిందంటే, మర్నాడు దీక్షకు కూర్చోడానికి పోటీలు పడ్డారు. ముందే ఇంత తింటే దీక్ష ఎవరు చెయ్యలేరు?

చదువు ఎలా మొదలైందో సరిగ్గా చెప్పలేను. మాలో ఒకడు పలక తెచ్చుకున్నాడు, ఊరికే బొమ్మలు గీసుకోడానికి. సగంలో ఆగిన లెక్క దాని మీద ఉంది. మిస్సు కళ్ళు దాని మీద పడ్డాయి. కాసేపు అటు తిరిగి కూర్చుంది. మళ్ళీ చూసింది. చివరికి కొంగు ముడి విప్పి చాక్‌పీస్ ముక్క తీసి, "ఇది ఇట్లా కాదు, రా ఇటు" అంది. అంతే.

మర్నాటికి మేమంతా పలకలతో తయారు. ఆఫీసు ప్రహరీగోడే మా నల్లబల్ల. మూడో రోజుకు వేరే బడుల పిల్లలు కూడా వచ్చారు. లెక్కల మాష్టరు ఆకలి మరిచిపోడానికి ఎక్కాలు చెప్పించాడు. ఇంకో బడి టీచరమ్మ పాటలు నేర్పింది. డ్రిల్లు మాష్టరు ఫుట్‌పాత్ మీద మమ్మల్ని వరసలో నిలబెట్టి ఎడమ కుడి చేయించాడు. లోకంలో చదువు చెప్పేవాళ్ళు ఇన్ని రకాలుంటారని నాకు అప్పటిదాకా తెలియదు. మా మూడో క్లాసుకు, ఆ పందిట్లో, మూడో క్లాసు పాఠం ఒక్కటే చెప్పే మనిషి విడిగా ఉండింది. ఆమె కళ్ళు ఎటూ పోకుండా మమ్మల్నే చూస్తుంటే, మొదట్లో భయం వేసింది కూడా.

సంఘం మేష్ట్రు తల పట్టుకున్నాడు. "స్ట్రైకు అంటే పని నిలిపేది! మీరు ఈడ కూడా పనే చేస్తా ఉండారు!"

"పని కాదు సార్. ఊరికే చెప్తా ఉండాం" అంది మా మిస్సు.

"ఊరికే చెప్పేదాన్నే పని అంటారమ్మా మన డిపార్ట్‌మెంటులో!" అని అరిచి, పక్కన ఒక పిల్లవాడి పలకలో కన్నడం ఒత్తు తప్పుంటే తనే కూర్చుని దిద్దడం మొదలుపెట్టాడు.

ఒక పొద్దున, మా గది చూసిపోయిన ఆఫీసరు గేటు బయటకు వచ్చాడు. రోజూ పక్క గేటు నుంచి పోయేవాడు, ఆ రోజు నేరుగా మా ముందుకే వచ్చాడు. చుట్టూ చూసి, గోడమీద లెక్క చదివి, చిరునవ్వు నవ్వాడు.

"బ్రహ్మాండంగా ఉందే! కట్టడం లేదు, బెంచీలు లేవు, అయినా చదువు నడుస్తోంది. మరి మీకు డబ్బులెందుకు, పోస్టులెందుకు? ఇంకేం కావాలి మీకు?"

వెంట తెచ్చుకున్న ఫోటోగ్రాఫరు టకటకా తీసుకున్నాడు. మేము పళ్ళికిలించి నిలబడ్డాం, మాకేం తెలుసు. మర్నాడు పేపర్లో ఆ బొమ్మ పడింది. చెట్టు నీడా డేరా నీడా ఉంటే చాలు, చదువు ఆగదని ఆయన చెప్పిన మాటలు కింద. పేపరు చేతులు మారుతున్నకొద్దీ పందిట్లో మాటలు తగ్గిపోయాయి.

సంఘం మేష్ట్రు ఆ రోజు అరవలేదు. మా మిస్సు దగ్గరికి వచ్చి మెల్లగా, "చూస్తిరా అమ్మా. మనం ప్రేమగా చేసింది వాళ్ళకు పనికొచ్చింది. రేపటి నుంచి ఒక్క అక్షరం కూడా వద్దు. ఆ గది నిలవాలంటే ఇప్పుడు చెప్పకూడదు" అన్నాడు.

మర్నాడు నేను పలక తీసుకుపోయి మిస్సు ముందు పెట్టాను. ఆ రోజు ఆమె వంతు. మెడలో దండ ఉంది. పలక తీసుకోలేదు. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చుంది, చలికి చుట్టుకున్నట్టు. ఎండ మండిపోతోంది.

"ఇంటికి పో పాపా" అంది. గొంతు బాగా చిన్నదైపోయింది. అది కోపం వచ్చినప్పటి గొంతే, కానీ కోపం మామీద కాదని ఆ రోజు తెలిసింది.

ఇంటికి పోతే తమ్ముడు, ఇటుకలు. పోలేదు. పిల్లలందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. అట్లా ఎంతసేపు కూర్చుంటారు? నాకు నోరు దురద పుట్టింది. లేచి, తమ్ముడి తువ్వాలు భుజాన ఎడమవైపు కొంగులా వేసుకుని, లేని కళ్ళద్దాలు పైకి తోసుకుని, గోడ దగ్గర నిలబడ్డాను. "పాపా, నీ నోట్లో ఉండే తెలివి పలక మీదికి ఎప్పుడు వస్తాది?" అని మొదలుపెట్టి, లెక్క చెప్తున్నట్టు నటిస్తూ మధ్యలో గూడ్సు బండి వచ్చినట్టు నోరు తెరుచుకుని ఆగిపోయాను. పిల్లలు పడీపడీ నవ్వారు. టీచర్లూ నవ్వారు. మా మిస్సు దండ అడ్డం పెట్టుకుని నవ్వింది, కళ్ళు తుడుచుకుంది.

చప్పట్లు పడితే నేను ఆగే రకం కాదు. తరవాత సంఘం మేష్ట్రు గొంతు పెట్టాను. ఆయనే మైకు తెచ్చి ఇచ్చాడు. ఆ తరవాత పొట్ట ముందుకు పెట్టి, బూట్లు టకటకలాడించినట్టు నడిచి, "కట్టడం లేదు, బెంచీలు లేవు, బ్రహ్మాండంగా ఉందే! ఇంకేం కావాలి మీకు?" అన్నాను, మైకులో.

ఎవరూ నవ్వలేదు. పౌడరు వాసన వచ్చింది. వెనక్కి తిరిగితే ఆఫీసరు, ఆయన పక్కన ఆయనకంటే పెద్ద ఆఫీసరు. డేరా కింద చదువు చూపించడానికి వెంటబెట్టుకొచ్చినట్టున్నాడు. చూపించడానికి ఏమీ లేదు, నేను తప్ప.

పెద్ద ఆఫీసరు వంగి, "ఊఁ, చెప్పు పాపా. నీకేం కావాలి?" అన్నాడు.

మైకు నోటిదగ్గరే ఉంది, తియ్యాలని తోచలేదు. "మా మిస్సు కావాలి సార్" అన్నాను. అది ఊరంతా వినపడింది. అక్కడితో ఆపితే బాగుండేది. పందిట్లో ఉన్నవాళ్ళందరినీ ఒకసారి చూసి, "తక్కినోళ్ళను కూడా ఇస్తే తీసుకుంటాం" అన్నాను.

పెద్దాయన పకపకా నవ్వాడు. చిన్నాయన నవ్వలేదు గానీ నవ్వాల్సి వచ్చింది.

నా మాటతోనే స్ట్రైకు గెలిచిందని షెడ్లలో చాలాకాలం గొప్పలు చెప్పుకున్నాను. అబద్ధం. అది ఇంకా సాగింది, వేరే ఊళ్ళల్లో కూడా పందిళ్ళు పడ్డాయి, పరీక్షలు దగ్గరపడ్డాయి, అప్పుడు పిలిచి మాట్లాడారు. ఆఖరి రోజు పెద్ద ఆఫీసరే నిమ్మరసం గ్లాసులు పట్టుకుని వచ్చాడు. రేకులు మారుస్తాం, ఖాళీలు నింపుతాం, కాంట్రాక్టు టీచర్ల సంగతి మాత్రం తరవాత పరిశీలిస్తాం అన్నాడు. మొదటి గ్లాసు సంఘం మేష్ట్రు చేతికిచ్చాడు.

ఆయన ఆ రోజు దీక్షలో ఉన్నాడు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గ్లాసు తీసుకుని, తాగకుండా పక్కన పెట్టాడు. "తక్కినవి ఇప్పుడు, వాళ్ళది తరవాత అంటే ఎట్లా సార్? ఎండలో కూసున్నప్పుడు పర్మనెంటు ఎండ వేరే, కాంట్రాక్టు ఎండ వేరే ఉండలేదు కదా" అన్నాడు. పక్కనున్నవాళ్ళు కూడా గ్లాసులు కింద పెట్టారు. ఒక్కొక్కటే కింద పెడుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మళ్ళీ లోపలికి పోయి మాట్లాడుకున్నారు. సాయంకాలానికి బయటకు వచ్చి చెప్పారు: తెలుగు గది ఉంటుంది, మిస్సును తీసెయ్యరు, పర్మనెంటు మాట కాగితం మీదికి ఎక్కుతుంది. అప్పుడు తాగారు. ఆ రసంలో చక్కెర వేయడం మరిచిపోయారట. అయినా ఒక్క గ్లాసులోనూ చుక్క మిగలలేదు.

మేము గంతులేస్తూ ఇంటికి పోయాం. గంతులు ఎక్కువ రోజులు నిలవలేదు. స్ట్రైకులో పోయిన పాఠాలన్నీ ఆదివారాలు చెప్పి పూర్తి చేస్తామని టీచర్లు రాసిచ్చారు. స్ట్రైకు చేసింది వాళ్ళు, ఆదివారాలు పోయింది మావి. "ఇదేం న్యాయం, మనం కూడా షామియానా వేద్దాం పాండి" అని నేను సంఘం పెట్టబోయాను. ఎవరూ చేరలేదు.

అట్లాంటి ఒక ఆదివారం. మా అమ్మ బడి గుమ్మంలో నిలబడింది. నెత్తిన మూట, చంకలో తమ్ముడు. మేము కట్టిన బిల్డింగు అయిపోయింది. మేస్త్రీ లారీ మాట్లాడాడు, వైట్‌ఫీల్డ్ దిక్కు అద్దాల బిల్డింగుల పని, ఆ పూటే పోవాలి. అక్కడ తెలుగు బడి లేదు, దగ్గర్లో ఏ బడీ లేదు. మా గదిని మూయకుండా ఆపడానికి అంతమంది కూర్చున్నారు. మా అమ్మను పోకుండా ఆపడానికి ఏ సంఘమూ లేదు. ఆమె తరఫున మైకు పట్టుకునేవాళ్ళు లేరు, ఆమె నిమ్మరసం గ్లాసు కింద పెడితే ఎవరికి దిగులు?

మిస్సు అమ్మను చూసింది, మూటను చూసింది, నన్ను చూసింది. "పాఠం అయిపోనీ అమ్మా. కూసో" అంది.

మా అమ్మ వెనక బెంచీలో కూర్చుంది. బెంచీ మీద కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి.

ఆ రోజు పెన్న నది పాఠం. నంది కొండలో, మనకు ఇంత దగ్గర్లో పుడుతుందని మిస్సు మొదలుపెట్టింది. పుట్టి హిందూపురం వైపు నడిచింది. అనంతపురం చేరింది. మామూలుగా అయితే అక్కడినుంచి రెండు వాక్యాల్లో సముద్రంలో పడిపోవాలి. ఆ రోజు పడలేదు. "ఇక్కడ ఎవరి ఊరుండాది?" అని అడిగి, ఒక్కొక్కరి ఊరి దగ్గరా మిస్సు దాన్ని ఆపింది. అక్కడ ఏం పండుతుంది, గట్టున ఏం మొలుస్తుంది, ఎండాకాలం చెలమ తీస్తే నీళ్ళు ఎంత తియ్యగా ఉంటాయి. పెన్న పోని ఊళ్ళకు కూడా పోయింది ఆ రోజు; మదనపల్లివాడు ఏడుస్తాడని అటు కూడా ఒక మలుపు తిప్పింది.

బయట లారీ హారను కొట్టింది. మిస్సు గొంతు పెంచింది.

"మా ఊరి పక్క వాగు కూడా దాంట్లోనే కలుస్తాది మిస్సమ్మా" అంది మా అమ్మ వెనకనుంచి. పిల్లలందరూ తిరిగి చూశారు. అమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవును కదా! చెప్పమ్మా, ఆ వాగు పేరేమి?" అంది మిస్సు, బోర్డు మీద ఆ గీత కూడా గీస్తూ.

మళ్ళీ హారను. "కొట్టనీ, నాకేం చెవుడా" అంది మా అమ్మ, లేవకుండా.

నది గండి దాటింది, కడప దాటింది. ఎండ గుమ్మం నుంచి గోడ మీదికి పోయింది. ఆదివారం బడి వదలాల్సిన వేళ ఎప్పుడో అయిపోయింది, ఒక్కరూ లేవలేదు, నేనైతే ఒక్క జోకు కూడా వేయలేదు. నెల్లూరు దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ లోపలికే వచ్చి కేకలేశాడు. మా అమ్మ మూట ఎత్తుకుంది. నేను లేచాను. మిస్సు చాక్‌పీస్ బోర్డు మీదే ఆనించి పట్టుకుని, నెల్లూరు దగ్గర గీతను ఆపేసి నిలబడింది.

మా మిస్సు ఆ తరవాత పర్మనెంటు అయిందని, రేకులు పోయి మిద్దె వచ్చిందని విన్నాను. నా చదువు మాత్రం ఆ పూటతో సరి. తరవాత ఎవరెవరో నాకు చాలా సంగతులు చెప్పారు, నదులు సముద్రంలో కలుస్తాయని కూడా చెప్పారు. నేను తలూపి ఊరుకుంటాను. నేను చూసినంతవరకు పెన్న నెల్లూరు దాకానే వచ్చింది. ఆ పక్కన, ఇంకా రాయని బోర్డు ఉంది.